కొట్టివేసిన రెండు వాక్యాలు

ఫిలిప్పీన్స్‌లోని దావో నగరానికి డాక్టరు చదువుకెళ్లిన హర్షితకు వైద్యం అబ్బలేదు గాని అక్కడి బిసాయా భాష అబ్బింది. చదువు సగంలో ఉండగా కరోనా వచ్చి ఆమెను విమానం ఎక్కించి విజయనగరం పంపించేసింది. తిరిగి వెళ్లే ధైర్యం ఆమెకూ లేదు, పంపించే ఓపిక వాళ్ల నాన్నకూ లేదు. ఇక్కడే సోషియాలజీలో ఎమ్మే చేసి పీహెచ్‌డీలో చేరింది. దాంతో వాళ్లమ్మకు పెళ్లిళ్లలో కనబడిన వాళ్లందరితోనూ "మా అమ్మాయి డాక్టరేనండి, కాకపోతే ఆ డాక్టరు కాదు" అని చెప్పుకునే వీలు కలిగింది.

గైడు జగన్నాధం గారు ఆమెకు భాష వచ్చునని తెలియగానే అంశం ఖాయం చేసేశారు. 'ఫిలిప్పీన్స్ ప్రజల దైనందిన సామాజిక అనుభవాలు, సంభాషణ రీతులు: ఒక గుణాత్మక పరిశోధన.' గుణాత్మకం అంటే అంకెలూ లెక్కలూ ఉండవు. మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుంటున్నారో, ఎలా మాట్లాడుకుంటున్నారో పక్కన కూర్చుని వినడమే. ఇదే పని అరుగు మీద కూర్చుని చేస్తే పనీపాటా లేని మనిషంటారు, యూనివర్సిటీ పేరు చెప్పి చేస్తే ఫెలోషిప్ ఇస్తారు.

చిక్కల్లా ఏమిటంటే ఆ ఫెలోషిప్‌తో ఫిలిప్పీన్స్ వెళ్లడం కుదరదు. పాసింజరు బండిలో ఆమదాలవలస దాకా వెళ్లడం కుదురుతుంది. అదృష్టం కొద్దీ ఆమదాలవలసలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది.

పేరు మారిసెల్. ధాన్యం వ్యాపారి గోవిందరావు కొడుకు ప్రదీప్ దుబాయ్ హోటల్లో వంటవాడిగా ఉన్నప్పుడు అక్కడే పనిచేసే ఆమెను ప్రేమించి పెళ్లాడి, ఉన్న డబ్బుతో స్టేషను దగ్గర బేకరీ పెట్టుకున్నాడు. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునేది హోటల్లో నేర్చిన ఇంగ్లీషు. ఊరు ఆ పేరును నోట్లో వేసుకుని రెండు రోజులు నమిలి 'మరిసెల్లి' చేసుకుంది. అత్తగారు కన్యాకుమారి మాత్రం కోడలు గుమ్మంలో అడుగుపెట్టిన రోజునుంచీ 'ఒసే' తప్ప వేరే పేరు పెట్టలేదు.

హర్షిత మొదటిసారి ఆ వంటింట్లోకి వెళ్లినప్పుడు నిజంగానే నోరు తెరిచింది. అత్తకు తెలుగు తప్ప రాదు. కోడలికి ఉప్పు, పప్పు, రా, పో, అలాగే అనేవి తప్ప తెలుగు రాదు. అయినా పొద్దున్న పొయ్యి వెలిగించింది మొదలు మధ్యాహ్నం గిన్నెలు బోర్లించేదాకా ఇద్దరి నోళ్లూ ఆగవు. కన్యాకుమారి శ్రీకాకుళం తెలుగులో తిడుతూ ఉంటుంది. మారిసెల్ నవ్వు ముఖంతో తన బిసాయా భాషలో ఏదో అంటూ ఉంటుంది. ఒకరి మాట అయ్యాక ఒకరు, అడ్డురాకుండా, జంట కవుల్లాగా. ఎండు నెత్తళ్ల చేపలు వేయించేటప్పుడు మాత్రం ఇద్దరూ మాట్లాడరు. ఆ కమ్మటి కంపు ఆ దేశంలోనూ ఇదేనట. ఇద్దరూ పొయ్యి దగ్గర నిలబడి పెనంలోంచి చెరొకటి తీసుకుని, ఊదుకుంటూ తినేస్తారు.

హర్షిత ఇద్దరి అనుమతీ తీసుకుని ఉప్పు డబ్బా పక్కన రికార్డరు పెట్టింది. వానాకాలమంతా వారం వారం వచ్చి, విన్నదంతా ఇంటికి తీసుకెళ్లి కాగితం మీద పెట్టింది. రెండు భాషలూ తెలిసిన మనిషి ఆ ఇంటికి సంబంధించి ప్రపంచం మొత్తం మీద ఆమె ఒక్కతే. ఆ సంగతి తలుచుకుంటే కాస్త గర్వంగా కూడా ఉండేది పాపం.

ఇలాంటి పరిశోధనలో ఒక పద్ధతి ఉంది. రాసుకున్న మాటలను అన్నవాళ్లకే చదివి వినిపించి, 'మీరన్నది ఇదేనా' అని అడగాలి. వద్దన్న మాట కొట్టెయ్యాలి. కొట్టేసిన మాటను ఎక్కడా రాయకూడదు, ఎవరికీ చెప్పకూడదు.

ముందు కన్యాకుమారిని పెరట్లోకి తీసుకెళ్లి ఆవిడ మాటలు ఆవిడకు చదివి వినిపించింది. ఆవిడ కాళ్లు చాపుకుని, అప్పుడప్పుడు తొడ చరుచుకుని, "అబ్బ, బాగా అన్నాను కదే" అని తన తిట్లకు తానే మురిసిపోయింది. ఒక్కచోట మాత్రం ముఖం మాడ్చుకుంది.

ఆ వాక్యం ఇది: "ఒసే, నువ్వొచ్చినకాడి నుంచే నాకీ ఇంట్లో ఊపిరాడతన్నాదే. నీకు తెలుగొస్తే ఈ మాట సచ్చినా సెప్పకపోదును."

"అది కొట్టీ" అంది కన్యాకుమారి.

"బాగుందండీ ఆ మాట."

"బాగుంటే నీకు బాగున్నాది. అత్తనన్న బయం ఉంటాదేటి దానికి? నెత్తికెక్కి కూకుంటాది. కొట్టీమన్నానా, కొట్టీ."

హర్షిత కొట్టేసింది.

మర్నాడు మారిసెల్‌ను బేకరీ వెనక గదిలో కూర్చోబెట్టి ఆమె మాటలు చదివింది. మారిసెల్ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒకచోట ఆగిపోయింది. అక్కడ ఆమె అన్నది తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "మా అమ్మ పోయాక నన్ను ఇంత తీరిగ్గా తిట్టిన వాళ్లు లేరు. ముసలమ్మా, నువ్వు తిడుతుంటే నాకు నిద్ర బాగా పడుతోంది."

"ఇది తీసెయ్యి" అంది మారిసెల్ తన భాషలో, కళ్లు తుడుచుకుంటూ. "ఆవిడకు తెలిస్తే నా మీద జాలిపడుతుంది. జాలిపడితే తిట్టడం మానేస్తుంది."

హర్షిత అదీ కొట్టేసింది. కొట్టేస్తున్నప్పుడు చెయ్యి కాస్త ఆగిన మాట నిజమే. కాని పద్ధతి పద్ధతే.

అంతటితో పోయేదే. కాని గోవిందరావుకు ఒక ధర్మసందేహం వచ్చింది. తన ఇంటి గురించి యూనివర్సిటీలో ఏం రాస్తున్నారో ఇంటి యజమానికి తెలియక్కర్లేదా? "నలుగుర్లో సదివీ అమ్మా, దాపరికమేటి మన ఇంట్లో" అన్నాడు. ఆడవాళ్లిద్దరినీ అడిగితే ఇద్దరూ 'అలాగే' అన్నారు. మిగిలినవి ఉత్త తిట్లే కదా అని కాబోలు ఇద్దరి ధీమా.

ఆదివారం సాయంత్రం వరండాలో కుర్చీలు వేశారు. గోవిందరావు ఖద్దరు చొక్కా తొడుక్కున్నాడు. ఎదురింటి తవిటమ్మ, పక్కింటి ధనలక్ష్మి హరికథకు వచ్చినట్టు ముందే వచ్చి చోటు చూసుకున్నారు. ప్రదీప్ బేకరీ నుంచి పఫ్‌లు తెప్పించాడు. హర్షిత అత్త మాటలను కోడలి భాషలోకీ, కోడలి మాటలను తెలుగులోకీ కూడా మార్చి చెబుతూ చదవడం మొదలుపెట్టింది.

"అత్తగారు: గిన్నె తోమినావేటే, నాకినావేటే? మీ దేశంలో నీళ్లు లేవేటి?"

"కోడలు: ఇదిగో, పులుసు కన్నా ముందు ఈవిడ నోరు ఉడికింది."

"అత్తగారు: ఆ కూరలో పంచదార ఎవుడెయ్యమన్నాడే? మా వంశంలో ఎవులైనా తిన్నారేటి అలాంటి కూర?"

"కోడలు: ఈ ముసలమ్మకు చింతపండు అయిపోతే ప్రాణం కూడా అయిపోతుంది."

పఫ్ కొరకబోయిన తవిటమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. "ఓలమ్మ, ఇన్నాళ్లూ నవ్వుకుంటా తిట్టుకున్నారేటే మీరు!" అంది ధనలక్ష్మి.

కన్యాకుమారి కోడలి వైపు చూసింది. మారిసెల్ అత్త వైపు చూసింది. పులుసు కన్నా ముందు ఉడికిన నోరు అన్న మాట కన్యాకుమారికి నిజంగా నచ్చింది. మూతి చివర్లు కదిలాయి కూడా. వరండాలో ఇంకెవరూ లేకపోతే ఇద్దరూ గోడకు చేరబడి నవ్వి ఉండేవాళ్లు. కాని తవిటమ్మ చూస్తోంది. నలుగురిలో కోడలు ముసలమ్మన్నాక నవ్వితే అత్తగారి పరువేం కాను? కన్యాకుమారి మూతి బిగించింది. అది చూసి మారిసెల్ తల దించుకుంది.

ప్రదీప్ ముఖం తెల్లబోయింది. పాపం మంచి కుర్రాడు. మంచివాళ్లు చేసే అన్యాయానికి మందు ఉండదు. "మీ ఇద్దరూ ఇంత బాధ పడతన్నారని నాకు తెలీనే తెలీదమ్మా" అన్నాడు. అక్కడికక్కడే భార్యకు మేడ మీద వేరే వంటిల్లు వేయించాలని నిశ్చయించేశాడు. గొడవలొద్దు, ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి రుచి వాళ్లది.

"నీకిష్టవేనా?" అని గోవిందరావు భార్యను అడిగాడు.

"నాకేటి? దానికెలాగుంటే సుకమో అదే నాకూ సుకం" అంది కన్యాకుమారి గోడ వైపు చూస్తూ.

ప్రదీప్ భార్యను అడిగాడు. "అత్త ఇష్టం" అంది మారిసెల్ ఇంగ్లీషులో, "అలాగే" అంది తెలుగులో.

ఫిలిప్పీన్స్ వాళ్లు ఎదుటి మనిషిని నొప్పించడం ఇష్టం లేక 'వద్దు' అనాల్సిన చోట 'సరే' అంటారని హర్షిత తన మూడో అధ్యాయం నిండా రాసింది. నిజంగా సరే అయితే మాట కన్నా ముందు కనుబొమ్మలు పైకెగురుతాయని కూడా రాసింది. ఆ సాయంత్రం మారిసెల్ కనుబొమ్మలు ఎగరలేదు. మన శ్రీకాకుళం వాళ్లు గోడ వైపు చూసి 'నాకేటి' అంటే దానికి అర్థం చెప్పడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. హర్షిత రెండూ చూసింది, రెండూ కాగితం మీద గుర్తు పెట్టుకుంది.

మేస్త్రీ పని మొదలయ్యాక కన్యాకుమారి ఒకరోజు హర్షితను పెరట్లో పట్టుకుంది.

"అమ్మీ, నిజం సెప్పు. తిట్లు సరే. ఆ పిల్ల నా గురించి మంచి మాట ఒకటీ అన్నేదేటి?"

హర్షితకు నోటిదాకా వచ్చింది. "అది చెప్పకూడదండీ" అంది. "మీరే అడగొచ్చు కదా, కావాలంటే నేను పక్కన ఉంటాను."

"అత్తని. నాను అడగాలేటి దాన్ని?" అని కన్యాకుమారి కొంగు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

అదే సాయంత్రం మారిసెల్ స్టేషను దాకా దిగబెట్టడానికి వచ్చి, ప్లాట్‌ఫాం మీద అదే ప్రశ్న బిసాయాలో అడిగింది. హర్షిత అదే జవాబు బిసాయాలో చెప్పింది. చెప్పాక ఆ పిల్ల ముఖం చూడలేక, రాని రైలు కోసం పట్టాల వైపు చూస్తూ నిలబడింది.

విజయనగరం చేరగానే గైడుగారికి ఫోన్ చేసింది. "సార్, ఆ రెండు వాక్యాలూ చెప్పేస్తే ఇద్దరి వంటిల్లూ ఒకటిగా నిలబడుతుంది సార్."

"అమ్మా, కొట్టేసిన మాట అంటే పుట్టని మాట" అన్నారు జగన్నాధం గారు. "ఒకసారి నోరు జారావంటే నీ థీసిస్ పోతుంది. గైడుగా నా పేరూ పోతుంది. మనం పరిశీలకులం తల్లీ, పెళ్లిపెద్దలం కాదు."

ఆయనకు అవతల ఇంకో ఫోన్ వస్తోంది. హర్షిత సరే సార్ అంది. ఆమె కనుబొమ్మలు ఎలా ఉన్నాయో చూడడానికి అక్కడ ఏ పరిశోధకురాలూ లేదు.

మంచిరోజు చూసి మేడ మీద పాలు పొంగించారు. హర్షితకు ప్రత్యేకంగా ఫోన్ చేసి పిలిచారు. "మేడమ్ రాకపోతే మా ఇంట్లో ఇంత జరగతన్నాదని మాకు తెలిసేదే కాదు" అని ప్రదీప్ వచ్చిన ప్రతివాళ్లకూ ఆమెను చూపించి చెప్పాడు. గోవిందరావు ఆమెకు జాకెట్టు గుడ్డ, పండూ తాంబూలం ఇప్పించాడు. కొత్త గ్యాసు పొయ్యి, కొత్త గిన్నెలు, తళతళలాడే టైల్సు. మారిసెల్ పట్టుచీర కట్టుకుని పెళ్లినాటి ఫోటోలోలాగా కదలకుండా నిలబడింది. కన్యాకుమారి ఒక పక్కన నిలబడి ఆ గిన్నెల్లో ఏదీ ముట్టుకోలేదు.

గదిలో ముగ్గురే మిగిలిన క్షణం ఒకటి వచ్చింది. అత్త, కోడలు, మధ్యలో పాయసం గిన్నెతో హర్షిత. రెండు వాక్యాలు. ఒకటి తెలుగులో చెప్పాలి, ఒకటి బిసాయాలో చెప్పాలి. చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. హర్షిత నోరు తెరిచింది. సంక్రాంతి లోపు సమర్పించాల్సిన థీసిస్ గుర్తొచ్చింది, నైతిక నియమాల కాగితం మీద తను చేసిన సంతకం గుర్తొచ్చింది, 'ఆ డాక్టరు కాదు' అని చెప్పుకుంటున్న అమ్మ గుర్తొచ్చింది. తెరిచిన నోట్లో పాయసం వేసుకుంది.

"బాగుందండీ" అంది.

థీసిస్ బాగానే వచ్చింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, పాల్గొన్నవారి గోప్యతను ఇంత నిష్ఠగా కాపాడిన పరిశోధన ఈమధ్య చూడలేదని మెచ్చుకున్నాడు. డాక్టరేటు వచ్చాక స్వీటు పెట్టె పట్టుకుని హర్షిత ఆమదాలవలస వెళ్లింది. కన్యాకుమారి కింద వంటింట్లో ఒక్కతీ ఉంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"పద, ఆ పిల్లకీ నోరు తీపి సేద్దువు" అని ముందు తనే మెట్లెక్కింది. ఎక్కి, తెరిచి ఉన్న తలుపు ముందు ఆగింది. కొంగు భుజాల మీదుగా కప్పుకుంది. వేలితో తలుపు మీద నెమ్మదిగా కొట్టింది.

"అమ్మా మారిసెల్, లోపలికి రావచ్చా?" అంది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగులో.

లోపల గిన్నె చప్పుడు ఆగింది. మారిసెల్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఈమధ్య ప్రదీప్ ఫోన్‌లో రోజూ పాఠాలు పెట్టి నేర్పిస్తున్నాడట, తెలుగు చక్కగా వచ్చేసింది.

"రండి అత్తయ్యగారూ. కూర్చోండి" అంది. "మంచినీళ్లు తెమ్మంటారా?"

"ఎందుకమ్మా, నీకు శ్రమ" అంది కన్యాకుమారి, కుర్చీ అంచున కూర్చుంటూ.