గంటన్నర తుఫాను

పళ్ల ఆసుపత్రిలో ఆమెను అందరూ కుక్కర్ అక్క అంటారు. అక్కడ ఆమె వంటేమీ చెయ్యదు. డాక్టర్లు వాడిన చిన్న అద్దాలు, పట్టకార్లు, కొక్కేలు కడిగి, తుడిచి, కవర్లలో పెట్టి అతికించి, ఆవిరి మెషిన్‌లోకి ఎక్కించడం ఆమె పని. ఆ మెషిన్ కూడా కుక్కర్ లాంటిదే, ఈల ఒక్కటే వెయ్యదు. ఒకసారి దాని తలుపు రబ్బరు ఊడి గదంతా ఆవిరి కమ్మేసిన దగ్గర్నుంచి, అది నడుస్తున్నంతసేపూ ఒక మనిషి పక్కనే కూర్చోవాలని పెద్ద డాక్టరమ్మ ఆర్డరు వేసింది. అలా రోజూ మధ్యాహ్నం నలభై నిమిషాలు కుర్చీలో కూర్చునే భాగ్యం ఆమెకు దక్కింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఎవరైనా ఆమెను కూర్చోమన్నది అదే మొదటిసారి.

ఆ నలభై నిమిషాల్లోనే ఆట ఆడుకునేది. రెండు చేతుల్లో ఇమిడే గేమ్ మెషిన్, తనకోసం తనే కొనుక్కుంది. షాపులో కుర్రాడు "బాబుకా మేడమ్, పాపకా?" అని అడిగితే, నాకే అనడానికి నోరు రాక "బాబుకి" అనేసి బయటపడింది.

ఆటలో ఒక ఒంటరి పడవ, ఒక పెద్ద సముద్రం, నలభై దీవులు ఉంటాయి. ఒక్కో దీవి మీద ఆరిపోయిన లైట్‌హౌస్. పడవ నడుపుకుంటూ వెళ్లి దాన్ని వెలిగించి రావాలి, అంతే. కత్తులు లేవు, తుపాకులు లేవు, ముఖ్యంగా "ఎక్కడ పెట్టావ్?" అని అరిచేవాళ్లు లేరు. ఆవిరి మెషిన్ బీప్ కొట్టగానే లంగరు వేసేస్తే, మర్నాడు పడవ సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండని మనిషికి ఇది తెగ నచ్చింది. ముక్కలు ముక్కలుగా, రెండేళ్లు పట్టి, ముప్పై తొమ్మిది దీపాలు వెలిగించింది.

నలభయ్యో దీపం దగ్గర వచ్చింది చిక్కు. అక్కడికి చేరాలంటే తుఫానులో ఏకధాటిగా గంటన్నర నడపాలి. మధ్యలో లంగరు పడదు. ఆపితే పడవ మునిగి, తుఫాను మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బయలుదేరేముందు ఆట హెచ్చరిస్తుంది, తీరిక చేసుకుని రండి అని. తీరిక చేసుకుని రావాలట! ఆ మాట రాసినవాడి ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారో కనుక్కోవాలనిపించింది ఆమెకు.

ఆ గంటన్నర కోసం ఇల్లంతా గాలించింది. తెల్లవారితే పిల్లల డబ్బాలు, సాయంత్రం వాళ్ల చదువులు, రాత్రి తల దిండుకు తగిలితే చాలు ఒళ్లు తెలియని నిద్ర. ఒక ఆదివారం తెగించి కూర్చుంటే ఇరవయ్యో నిమిషంలో కొడుకు మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తూ వచ్చాడు. ఇంకో ఆదివారం మొగుడికి చొక్కా గుండీ ఊడింది. అతను వాటర్ ఆఫీసులో సూపర్‌వైజరు. చెడ్డవాడని ఎవరూ అనరు. కాకపోతే అతను మూడు గంటలు టీవీ చూస్తే బుర్రకి విశ్రాంతి, ఆమె పది నిమిషాలు గేమ్ పట్టుకుంటే "ఇద్దరు పిల్లల తల్లివి, ఏంటీ చిన్నపిల్ల చేష్టలు? వాళ్లేం నేర్చుకుంటారు?"

చివరికి ఆమె ఒక బుధవారం ఒంటిపూట సెలవు అడిగింది. "ఇంట్లో ఎవరికి బాలేదు?" అంది పెద్ద డాక్టరమ్మ. "అందరూ బానే ఉన్నారు మేడమ్, నాకే కొంచెం పనుంది" అంది. ఆ మాట అంటుంటే దొంగతనం చేస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. పిల్లలు మూడున్నర దాకా రారు. మొగుడు ఆరింటి దాకా రాడు. ఎప్పుడూ సంచిలో ఉండే గేమ్ మెషిన్‌ని ఆ రోజు మాత్రం, నిండా చార్జింగ్ ఎక్కాలని ఇంట్లోనే పెట్టి వచ్చింది. ఆ ఒక్క తెలివే కొంప ముంచింది.

పన్నెండున్నరకి ఇంటికొస్తే తలుపు లోపల గడియ వేసి ఉంది. మొగుడు వచ్చి తీశాడు.

"నువ్వేంటి ఈ టైంలో?"

"మీరేంటి?"

"ఊరికే. వెళ్లబుద్ధి కాలేదు, సెలవు పెట్టేశా."

ఊరికే! అంత చిన్నమాట ఆమె నోట ఎన్నడూ పలకలేదు. "తలనొప్పిగా ఉంటే వచ్చేశా" అంది. అతను తాపీగా సోఫాలో కాళ్లు చాపుకున్నాడు. అతని చేతుల్లోంచి సముద్రం చప్పుడు వినిపించింది.

"ఏంటండీ అది?"

"నీ గేమే. తోచక తీశా. బానే ఉందే, అప్పుడే మూడు దీపాలు వెలిగించా."

"మూడేంటి? ముప్పై తొమ్మిది ఉండాలి కదా."

"అదా... పాత ప్రయాణం ఏదో ఉంది, చెరిపెయ్యాలా అని అడిగింది. సరేనని నొక్కేశా."

రెండేళ్ల మధ్యాహ్నాలు ఆ ఒక్క నొక్కుడుతో పోయాయి. ఏడుపొచ్చింది, దాని వెనకే చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం, "అది నాదండీ" అన్న మాటే.

"నీదే, ఎవరు కాదన్నారు? మళ్లీ మొదలెట్టుకోవచ్చు, ఎక్కడికి పోతుంది? ఎలాగూ వచ్చావు కదా, రెండు టీలు పెట్టు. నీ తలనొప్పికీ పనికొస్తుంది."

ఆమె రెండు టీలు పెట్టింది.

ఆ తర్వాత గేమ్ మెషిన్ ఆమె సంచిలోకి తిరిగి రాలేదు. ఆఫీసు నుంచి వస్తూనే అందుకునేవాడు, కంచం ముందు కూడా వదిలేవాడు కాదు. పిల్లలు ఏం నేర్చుకుంటారన్న బెంగ గాలికి పోయింది. ఒకసారి అడిగితే "ఇస్తాలే, అయిపోవచ్చింది" అన్నాడు. మూడు వారాల్లో ముప్పై తొమ్మిదీ వెలిగించి, "రెండేళ్లు ఏం చేశావే దీంతో? నీకు ఆడటం రాదు" అని నవ్వాడు. ఆ నవ్వుకి ఆమె ఒళ్లు మండిపోయింది.

ఆదివారం మూడింటికి ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చెప్పాడు. "గంటన్నర నన్ను ఎవరూ కదపొద్దు. ఇది మధ్యలో ఆపితే పోతుంది."

"తెలుసు" అంది ఆమె. గొంతు తగ్గించి, "చివర్లో దీపం వెలిగేటప్పుడు నన్ను పిలవండి. ఒక్కసారి చూస్తాను" అంది.

"పిలుస్తాలే" అని పడగ్గది తలుపు మూసుకున్నాడు.

ఆమె వరండా గుమ్మంలో కూర్చుంది. కొడుకు బంతి తెస్తే లాక్కుని పక్కన పెట్టింది. కూతురు లెక్క చెప్పించుకోవడానికి నాన్న దగ్గరికి వెళ్లబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. అతని ఆఫీసు నుంచి ఫోనొస్తే "పడుకున్నారండీ" అని అబద్ధం చెప్పింది. పక్కింటావిడ నీళ్ల మోటారు గది తాళం కోసం వస్తే సైగలతోనే ఇచ్చి పంపింది. చీమ చిటుక్కుమనకుండా కాపలా కాసింది. ఎందుకంటే ఆ దీపం వెలగాలి. ఎవరి చేత్తో వెలిగినా సరే, ఒక్కసారి తను చూడాలి. అంతదాకా దిగజారిపోయింది పాపం ఆమె ఆశ.

తలుపు తెరుచుకుంది. అతను ఒళ్లు విరుచుకుంటూ బయటికొచ్చి, "అయిపోయింది. ఇంద, నీది నీకిచ్చేశా" అని గేమ్ మెషిన్ ఆమె ఒళ్లో పెట్టాడు.

"పిలుస్తానన్నారు కదా."

"అయ్యో, మర్చేపోయా."

"పోనీ, ఏమైంది చివర్లో?"

"ఏముంది? దీపం వెలిగింది. తర్వాత ఏవో బొమ్మలు, మాటలు మొదలయ్యాయి. చాలాసేపు వచ్చేలా ఉందని దాటించేశా."

ఆమె వరండాలోనే ఏడ్చేసింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. పిల్లలిద్దరూ బిత్తరపోయి నిలబడ్డారు.

"ఆటకి ఏడుస్తారా ఎవరైనా?" అన్నాడు అతను.

"మన ఇంట్లో గంటన్నర ఖాళీ ఉందని రెండేళ్లూ నాకెవరూ చెప్పలేదండీ" అంది ఆమె.

అతనికి ఏమీ అర్థం కాలేదు. గోడ గడియారం వంక చూసి, "నాలుగున్నరే కదా అయింది, ఇప్పుడేం పొద్దుపోయింది? నువ్వూ ఆడుకో" అన్నాడు.