గేరుపెట్టె మరవ

బొటనవేలంత ఇనుప బిరడాను నేను. ఒక పాత తెల్లకారు గేరుపెట్టెకు పక్కగా, నడుముకు కాస్త పైన, మరలు తిప్పిన రంధ్రంలో బిగుసుకుని ఉంటాను. నన్ను విప్పి ఆ రంధ్రంలోంచి ఆయిలు పోస్తారు. పోసింది చాలినప్పుడు అది అదే రంధ్రంలోంచి బయటికి పొర్లుతుంది. పొయ్యమనడం ఒకసారి, చాలనడం ఒకసారి. అంతే నా ఉద్యోగం. మధ్యలో ఏళ్ళకేళ్ళు ఎవరికీ గుర్తుండను.

పెట్టె అడుగున నాలాంటివాడే ఇంకొకడున్నాడు. పాత ఆయిలు వదలాలంటే వాడిని విప్పుతారు. వాడి కొసకు అయస్కాంతం. గేర్ల పండ్లు అరిగి రాలిన ఇనుప రజనంతా పోయి వాడినే కరుచుకుంటుంది. వాడింట ఎప్పుడూ చుట్టాలే. నాకు ఆ భాగ్యం లేదు. బండి ఆగితే ఆయిలు నా అంచు దాకా వచ్చి నిలుస్తుంది, తాకదు. బండి కదిలితే గేర్లు చిమ్మిన నాలుగు చుక్కలు ముఖాన పడతాయి. అదే నాకు పలకరింపు.

పుట్టిన చోటు తెలియదు. కడ్డీని కోసిన మర, నాలాంటివాళ్ళు వేలమంది పడి గలగలలాడిన తొట్టి, ఇవే జ్ఞాపకం. అంత సందడి మళ్ళీ ఎరగను.

మొదట మేము ఒక బ్యాంకు ఆఫీసరు పాలబడ్డాం. ఆదివారం ఆదివారం కారు కడిగి, దాని అద్దంలో తన క్రాపు చూసుకునేవాడు. వంగి కిందికి చూసిన పాపాన పోలేదు. ఆయన దగ్గరున్నప్పుడే ఒక మెకానిక్కు నన్ను ఒకే ఒక్కసారి విప్పాడు. ఆయిలు పోసి, మళ్ళీ బిగించి, "ఇది ఊడిందంటే మాట నా మీదికొస్తాది" అని గొణుక్కుంటూ పానాకు గొట్టం తగిలించి ఇంకో చుట్టు తిప్పాడు. మనిషి భయంతో బిగించింది అంత తేలికగా వదలదు. ఆ తర్వాత పదిహేడేళ్ళు నన్ను ఎవరూ ముట్టుకోలేదు.

ఆఫీసరు తర్వాత ఒక పశువుల డాక్టరు. బదిలీ అయి పోతూ ఆయన రెండు పొట్టేళ్ళు తీసుకుని తాళంచెవి తిప్పన్న చేతిలో పెట్టాడు. పొట్టేళ్ళే నయం, వాటికి గేర్లు మార్చే పని లేదు అని ఊళ్ళోవాళ్ళు నవ్వారు.

తిప్పన్న నీరుగంటి. చెరువు కింది పొలాలకు ఏ మడికి ఎంత నీరు పోవాలో చూసి తూము ఎత్తేవాడు, దించేవాడు. చెరువు ఎండిపోయాక రైతుల ట్రాక్టర్లు తోలి స్టీరింగు నేర్చాడు. మాట తక్కువ మనిషి. ఆయన భార్య సుంకమ్మకు మూత్రపిండాలు పని మానేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు నలభై కిలోమీటర్ల దూరంలోని పట్నంలో డయాలసిస్. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి. ఊరికి మొదటి బస్సు వచ్చేది తొమ్మిదింటికి. కారు కొన్నది అందుకే.

ఇంట్లోకంటే కారులోనే ఆ మొగుడూ పెళ్ళాల మాటలు ఎక్కువ. మాటలు ఆమెవి, ఊకొట్టడం ఆయనది.

"ఊరందరికీ నీళ్ళు వదిల్తివి," అనేది ఆమె పక్కసీట్లో వాచిన కాళ్ళు చూసుకుంటూ. "నా వంట్లో నీళ్ళకు తూము యాడుండాదో కనుక్కోలేకపోతివే."

"ఊ" అనేవాడు తిప్పన్న. ఆ ఊ గేరు మార్చే చేతిలోకి దిగి, కడ్డీ వెంబడి నా దాకా వచ్చేది.

ఒక వేసవిలో రెండో గేరు కరకరమనడం మొదలుపెట్టింది. "పండ్లు నూరుతాండాది, నిద్దట్లో మీ అమ్మ మాదిరి" అంది సుంకమ్మ. పట్నం మెకానిక్కు దస్తగిరి చూసి, ఆయిలు చచ్చిపోయింది, బండి రెండు రోజులు వదిలిపో అన్నాడు. రెండు రోజులు వదిలితే శుక్రవారం డయాలసిస్ విడత తప్పుతుంది. అంతకు ముందోసారి తప్పినప్పుడు సుంకమ్మ ఊపిరితిత్తుల్లో నీరు చేరి, చేప ఒడ్డున కొట్టుకున్నట్టు కొట్టుకుంది. తిప్పన్న తల అడ్డంగా ఆడించి, ఆయిలు డబ్బాలు మాత్రం కొనుక్కుని వచ్చేశాడు.

గురువారం పొద్దున కారును జాకీతో లేపి, చక్రాల కింద రాళ్ళు పేర్చి, వెల్లకిలా దూరాడు. పదిహేడేళ్ళకు ఒక మనిషి ముఖం నాకు ఎదురుగా! కానీ ఆ చెయ్యి నన్ను దాటి కిందికి పోయింది. నీరుగంటి చెయ్యి కదా. ముందు అడుగు తూము తీయడమే దానికి తెలుసు. కిందివాడు ఊడాడు. కాలిన బెల్లంపాకంలా నల్లటి ఆయిలు, రెండు దోసిళ్ళు కూడా లేదు, బేసిన్లోకి జారింది. ఆ బిరడాను శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగించి, అప్పుడు నావైపు తిరిగాడు.

పానా వేశాడు. నేను కదలలేదు. బలంగా లాగాడు. పానా జారి నా ఒక మూల అరిగింది. ఇంకోసారి. ఇంకో మూల. కదలాలని నాకు లేక కాదు. తుప్పు నన్నూ పెట్టెనూ ఒకటి చేసేసింది. ఆరు మూలలూ అరిగితే ఇక పానాకు పట్టు దొరకదు. ఆయిలు పొయ్యకుండా బండి నాలుగు మైళ్ళు కూడా పోదు. తెల్లవారితే శుక్రవారం.

గుంతకల్లులో పెళ్ళికి పోయిన దస్తగిరికి ఫోను చేశాడు. గోల మధ్య దస్తగిరి అరిచాడు. "అన్నా, ముందు పైది ఊడుతాదో లేదో సూసుకున్యావా?"

"ముందు తూము తీసినా."

"తూమేందన్నా! అదేమన్నా చెరువా? పైది ఊడినాకనే కిందిదాని మీద సెయ్యెయ్యల్ల. మా కాడ పిల్లోళ్ళక్కూడా తెలుసే!"

తిప్పన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. అరిగిన నా మూలలను వేలితో తడిమాడు. "మరవను ఎవురన్నా విప్పుతారా?" అన్నాడు, నాతోనే అన్నట్టు. చెరువు నిండితే అదనపు నీరు దానంతట అదే పొర్లిపోయే కట్టను మరవ అంటారు. ఆయన లెక్కలో కిందివాడు తూము, నేను మరవ. మరవ మీద నీరుగంటికి పనేముంది? నాకు అంత సరైన పేరు అంతవరకు ఎవరూ పెట్టలేదు.

సుంకమ్మ గడప మీద నుంచి లేచి, గోడ పట్టుకుని వచ్చింది. రోజుకు మూడు గ్లాసులకు మించి నీళ్ళు ముట్టకూడదని ఆమెకు కట్టడి. ఆ మనిషి బిందెడు నీళ్ళు మరగబెట్టి చెంబులతో అందించింది. "పోసి సూడప్పా. బిగుసుకున్న ఊరగాయ జాడీ మూత ఇట్లనే వస్తాది గదా."

నా చుట్టూ పెట్టె మీద వేడినీళ్ళు పోశాడు. పెట్టె ఉబ్బింది. నా మెడ చుట్టూ వెంట్రుకవాసి ఎడం. పానాకు గొట్టం తగిలించి, లాగబోయి ఆగి, ముందు బిగింపువైపు ఒక్క తోపు తోశాడు. ఆ తర్వాత ఇటు లాగాడు. కిర్రుమన్నాను. అది ఏడుపో నవ్వో నాకే తెలియదు.

ఆమె పైన బానెట్టు దగ్గర గరాటా పట్టుకుంది. గొట్టం కొస నా రంధ్రంలో పెట్టి ఆయన కింద పడుకున్నాడు.

"ఇంగా?"

"పొయ్యి."

"ఇంగానా?"

"పొయ్యే."

"ఉండావా, నిద్రబోతివా?"

బంగారు దారం లాంటి ఆయిలు అంచు దాటి ఆయన మణికట్టు మీదికి జారింది.

"సాలు. మరవ బారె!"

పైన గరాటా ఊగిపోయేటట్టు నవ్వింది సుంకమ్మ. "ఎన్నేండ్లాయ నీ నోట ఆ మాట ఇని!"

తెల్లవారి శుక్రవారం రెండో గేరు వెన్నలో వేలు దిగినట్టు పడింది. ఆ శుక్రవారమే కాదు, ఆ తర్వాత ఏడాదిన్నర ఒక్క విడతా తప్పలేదు.

తర్వాత ఆసుపత్రివాళ్ళు రోగుల కోసం వ్యాను పెట్టారు. ఏడుగురు రోగులకే చోటు, తోడు మనిషికి లేదు. "నేను కారులోనే పోతా" అని సుంకమ్మ మొండికేసింది. తిప్పన్నే ఒప్పించాడు. "దాంట్లో చల్లగుంటాది. కుదుపుండదు. పో."

"మరి నువ్వేం జేస్తావు?"

"పనుండాది."

మొదటి వారం కిటికీలోంచి వెనక్కి చూస్తూ పోయింది. ఇప్పుడు వ్యాను మలుపు తిరగకముందే లోపల ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తాయి. వాటిలో ఆమెది నాకు తెలుసు. అది పోయేదాకా నిలబడి, తిప్పన్న వచ్చి కారులో కూర్చుంటాడు. తాళం తిప్పడు. క్లచ్చు తొక్కి ఒకటి, రెండు, మూడు, నాలుగు వేసుకుంటూ పోతాడు. లోపల గేర్లు నిలకడ ఆయిల్లో మెత్తగా కదులుతాయి. ఒక చుక్క కూడా నా మీద పడదు. చక్రం తిరగనిది చుక్క ఎగరదు.

చివరికి రివర్సు వేస్తాడు. ఎన్నేళ్ళ అలవాటో, వెనక్కి చూడటానికి తిరిగి, ఎడమ చెయ్యి పక్కసీటు వీపు మీద వేస్తాడు. సీటు స్ప్రింగు సన్నగా మూలుగుతుంది. ఆ చెయ్యి అక్కడే ఉంటుంది. చాలాసేపటి దాకా గేరు కదలదు.