కిషన్ రావు వ్యాను వణుకు

పొద్దున ఆరున్నరకల్లా కిషన్ రావు వ్యాను అశోక్‌నగర్ సందులోంచి బయటపడుతుంది. డెబ్బై ఆరు నాటి బండి. తన మేడ మీద గదులు కిరాయికి తీసుకుని ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల్ని చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర దింపి, నారాయణగూడ మార్కెట్లో కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తాడాయన. రిటైరై పదేళ్లయినా కాలు ఒకచోట నిలవని మనిషి. ఆ గంటసేపే ఇల్లు ఇల్లులా ఉంటుందని భార్య పద్మ అంటుంది.

దసరా పోయాక వ్యానుకు వణుకు పట్టుకుంది. నలభై స్పీడు దాటితే చాలు, దడదడ. పాతబండి వణకడం పెద్ద విషయం కాదు కానీ, ఈ వణుకు ఎక్కినవాళ్లతో పాటు దిగి ఇంటికి కూడా రాసాగింది. కిషన్ రావు ముట్టుకున్న సాసరు గలగలలాడేది. పద్మ ఒకసారి వ్యానులో గుడికి వెళ్లొస్తే మర్నాడు ముగ్గులో గీతలన్నీ వంకర్లు పోయాయి. పిల్లలు ఎక్కుతుంటే మేడమెట్ల రెయిలింగు సన్నగా మోగేది. జనం ఏం చేస్తారు, సర్దుకున్నారు. టీ సగం గ్లాసే పోసుకున్నారు. పాలబూత్ ఆయన చేతులు చూసి, "వ్యాన్ల వచ్చిన్రా?" అని అడిగి, పాకెట్లు సంచిలో వేసి మరీ ఇచ్చేవాడు.

హారతికి మాత్రం సర్దుకునే వీల్లేదు. ఎనిమిదేళ్లుగా ఆ మేడ మీదే ఉండి చదువుతోంది. మూడుసార్లు ఒకటి రెండు మార్కుల్లో పోయింది, రెండుసార్లు పరీక్షే రద్దయింది. ఈ ఏడాదితో వయసు కూడా దాటిపోతుంది కాబట్టి ఆదివారం రాసేదే ఆఖరిది. జవాబు పత్రం మీద చిన్న చిన్న సున్నాలు పెన్నుతో నింపాలి. చెయ్యి వణికి సిరా పక్క సున్నాలోకి పోతోంది. వ్యాను మానేసి వారం రోజులు బస్సెక్కినా తగ్గలేదు. మంచం కూడా తనతో పాటే వణుకుతుంటే ఇక నిద్రేం పడుతుంది? నిజం చెప్పాలంటే ఆ పిల్లకు నిద్ర కరువై ఎనిమిదేళ్లయింది. మక్తల్ దగ్గర పల్లెలో కూలికి పోయే తల్లి ఈదమ్మ రోజూ ఫోన్ చేసేది.

"సదువుతున్నవా బిడ్డా?"

"సదువుతున్ననే."

అంతకు మించి ఇద్దరి మధ్యా మాట సాగేది కాదు.

శనివారం మధ్యాహ్నం ఇక ఆగలేక, హారతి కిషన్ రావును బయల్దేరదీసి నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో హనుమప్ప షెడ్డుకు తీసుకెళ్లింది. దసరాకు వ్యాను జాయింట్లు మార్చింది ఆయనే. నలభై ఏళ్ల పనితనం. తప్పుందంటే మొహం మాడ్చుకుంటాడు.

"ముసల్ది అయింది బండి. వణకక ఏం చేస్తది?" అన్నాడు.

"తాతా, రేపు నా పరీక్ష. జర ఇప్పి చూడు."

"నా పని మీద అనుమానమా?"

హారతి చెయ్యి చాపి చూపించింది. హనుమప్ప ఆ వేళ్ల వంక చూసి బండి కిందికి దూరాడు.

ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే పొడవాటి షాఫ్టు బయటికొచ్చింది. అది రెండు ముక్కలు. ఒకదాని పళ్లలోకి ఇంకొకటి దూరి కూర్చుంటుంది. రెండు చివర్లా ఇనుప చెవులు, వాటి మధ్య కూడిక గుర్తులాంటి జాయింటు. ముందు చెవులు, వెనక చెవులు ఒకే వరుసలో ఉండాలి. ఒక్క పన్ను పక్కకు జరిగినా బండి వణికిపోతుంది. అందుకే విప్పేముందు రెండు ముక్కల మీదా ఎదురెదురుగా గుర్తుకు నిశాన్ పెట్టుకుంటారు. పెయింటు డబ్బా ఊరికే ఎండిపోతోందని హనుమప్ప దీపం నూనెలో కుంకుమ కలిపి చుక్క పెడతాడు.

"తాతా, ఈ ముక్కకు రెండు బొట్లెందుకున్నయి?" అంది హారతి.

హనుమప్ప కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. కిషన్ రావు చిన్నగా దగ్గాడు.

"ఆయుధపూజ నాడు మా పద్మ వచ్చింది గదా. ఇప్పి పెట్టిన సామానుకంతా బొట్లు పెట్టిపోయింది."

"పూజ బొట్టు తుడవొద్దని నేను తుడవకపోతి." హనుమప్ప నెత్తి కొట్టుకున్నాడు. "అక్క బొట్టుకు నా బొట్టు కలిపి బిగిచ్చిన!"

ఈసారి దండం పెట్టుకుని చుక్కలన్నీ తుడిచేశాడు. షాఫ్టును బల్ల మీద పడుకోబెట్టి, ఒక కన్ను మూసి చెవుల వరుస చూసుకుని, పళ్లలోకి జరిపాడు. మూడు వారాల దడకు జాయింట్లూ అరిగిపోవడంతో కొత్తవి తెప్పించాడు. వాటి మూతల్లో సూదుల్లాంటి ముక్కలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఒక్కటి అడ్డంగా పడినా మూత కూర్చోదు. మూతల్లో గ్రీజు నింపి హారతి చేతికిచ్చాడు. వణుకుతున్న ఆ అరచేతిలో సూదులన్నీ వాటంతట అవే సర్దుకుని నిలబడ్డాయి.

"నీ చెయ్యి మంచిగ పనికొచ్చింది పో," అన్నాడు. సుత్తితో మెల్లగా కొట్టి, లాకులు పెట్టి, జాయింటును నాలుగు వైపులా తిప్పి చూసి, ఎక్కడా పట్టెయ్యలేదని తేలాకే బండికెక్కించాడు.

ముగ్గురూ ఫ్లైఓవర్ మీదికి వెళ్లారు. యాభై స్పీడులో వ్యాను నున్నగా పోయింది. హారతి చెయ్యి నిలిచింది. అశోక్‌నగర్లో మేడమెట్ల రెయిలింగు కూడా ఆ నిమిషానే మోగడం మానిందని పద్మ తర్వాత చెప్పింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తానే లేపి పరీక్ష కేంద్రం దగ్గర దింపుతానని కిషన్ రావు మాటిచ్చాడు. దింపలేదు. వణుకు వదిలిన ఒళ్లతో వ్యాను ఎక్కినవాళ్లెవరూ ఆ ఆదివారం పొద్దెక్కినా లేవలేదు. పాలపాకెట్లు బూత్‌లోనే ఉండిపోయాయి. హనుమప్ప షెడ్డు తెరవలేదు. హారతి ఫోనులో అలారం మోగి మోగి ఊరుకుంది.

ఆమె కళ్లు తెరిచేసరికి పదకొండున్నర. గేట్లు పదింటికే మూసేస్తారు. ఎనిమిదేళ్ల చదువు మంచం పక్కనే దొంతరగా ఉంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. కిషన్ రావు ఒంటి మీద బనీనుతో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మాఫ్ చెయ్ బిడ్డా," అన్నాడు.

హారతి ఫోన్ తీసి తానే తల్లికి చేసింది. పత్తి చేలో ఉన్న ఈదమ్మ, "అయిపోయిందా పరీక్ష?" అంది ఆత్రంగా.

"రాయలేదమ్మా. పండుకున్న. మెలకువ రాలె."

అవతల పత్తి సంచి కింద పెట్టిన చప్పుడు.

"కంటినిండ పట్టిందా బిడ్డా నిద్ర?" అంది ఈదమ్మ.

"పట్టిందమ్మా," అని, అప్పుడు ఏడ్చింది హారతి.