ఉలవచేలో భూకంపాలు

ఒక్క వారంలో మూడు దేశాల్లో పెద్ద భూకంపాలు వచ్చాయని విని, ఆత్మకూరు నుంచి వచ్చిన అల్లుడు పెంచలప్రసాద్ ఇల్లు మీద పడుతుందని మంచం వాకిట్లోకి లాక్కున్నాడు. సీతారామపురంలో అత్తగారింటికి వచ్చి అతనికి మూడు రోజులే అయింది. ఆ మూడు భూకంపాలూ ఒకదాన్నొకటి లేపుకుంటూ వస్తున్నాయనీ, నాలుగోది ఉదయగిరి కొండ కిందేననీ ఫోనులో మ్యాపు చూపిస్తూ వీధంతా తిరిగాడు.

అత్త మాలకొండమ్మకు ఒళ్లు మండింది. అతన్ని తన ఉలవచేలోకి తీసుకుపోయింది. ఒకచోట ఆరు మొక్కలు గుంపుగా మొలిచాయి. పక్కనే బారెడు నేల బోడిగా ఉంది.

"చూడబ్బయ్యా, ఈ గింజలు చల్లింది నేనే. యాడ పడాలో ఒక్కదానికీ చెప్పలేదు. ఈ ఆరూ కూడబలుక్కొని ఈడ పడినాయా?"

"గింజలు వేరు, భూకంపాలు వేరత్తా. సంబంధం లేకుండానే వారంలో మూడొస్తాయా?" అన్నాడు అతను, ఆ మొక్కల్ని ఫోటో తీస్తూ.

మాలకొండమ్మ అతన్ని కిందికీ పైకీ చూసింది.

"నువ్వొచ్చిన రోజు సూడిమేక చచ్చింది. మర్నాడు బోరు మోటారు కాలిపోయింది. నిన్న కోళ్లను కుక్కలు ఎత్తుకపోయినాయి. నీకూ వాటికీ సంబంధం ఉండాదని నేనేమన్నా అంటినా?"