గేటు దాటాక వంపు

మా నాయిన సినిమాలో కనిపిస్తాడు. ఈ మాట ఎవరితో అన్నా ముందు నమ్మరు, తర్వాత ఏ సినిమా అని అడుగుతారు, చెప్పగానే పాట అందుకుంటారు. ఆ పాట రానివాళ్లు మన దగ్గర తక్కువ. పొగబండి తలుపు పట్టుకుని, పక్కనే హీరోయిన్ ఉండగా, హీరో వేలాడుతూ పాడతాడు. రాళ్లగుట్టల మధ్య బండి వంపు తిరుగుతుంది. ఆ వంపులో ముందున్న ఇంజను మొత్తం కనబడుతుంది. అప్పుడు తలకు ఎర్ర రుమాలు కట్టుకున్న మనిషి ఒకడు ఇంజనులోంచి బయటికి వంగి, వెనక్కి చూసి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతాడు. అంతే. రెప్ప వేస్తే అయిపోతుంది. ఆ మనిషి మా నాయిన పర్వతాలు. సికింద్రాబాద్ షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. సినిమా విడుదలైన మరుసటి ఏడు కామెర్లొచ్చి పోయాడు.

ఇంట్లో నాయిన ఫొటోలు నాలుగైదు ఉన్నాయి. అన్నిట్లోనూ ఎవరో తిట్టినట్టు బిగుసుకుని ఉంటాడు. నవ్వే నాయిన మాకు ఆ పాటలోనే దొరుకుతాడు.

అమ్మ ఆ పాటను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఒకటే మాట. "సూడు, హీరోయిన్‌ని జూసి ఎట్ల ఇకిలిస్తుండో మీ నాయిన." నేను నవ్వేదాన్ని. పక్కింటివాళ్లు నవ్వేవాళ్లు. బన్సీలాల్‌పేట్‌లో మా గల్లీ మొత్తానికి అది పాత జోకు.

మొన్న దసరాకు పెద్ద టీవీ కొన్నాను. పాట వచ్చినప్పుడు అమ్మ ఆపమంటే ఆపాను. నాయిన ముఖం తెర మీద జానెడు కనబడింది. అమ్మ లేచి దగ్గరికి వెళ్లి నిలబడింది. అన్నం చల్లారిపోయేదాకా చూసింది.

"నన్ను జూసి గిట్ల ఎన్నడు నవ్వలే వసుధా," అంది.

అప్పుడు గాని అది జోకు కాదని నాకు తెలియలేదు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని నవ్విన నా మొద్దు బుర్రను ఏమనాలి?

షూటింగు రోజున అమ్మ కూడా అక్కడే ఉంది. ఆ వంపుకు ముందు ఒక రైలు గేటు ఉండేది. మా మేనమామ లక్ష్మణ్ అక్కడ కొత్తగా గేట్‌మన్‌గా చేరాడు. నాయినే అమ్మను రమ్మన్నాడట, గేటు దగ్గర నిలబడితే చెయ్యి ఊపుతానన్నాడట. అమ్మ నన్ను చంకనేసుకుని పోయింది. బండి వచ్చింది, గేటు దాటింది. ఆ క్షణాన నాయిన లోపల బొగ్గు వేస్తున్నాడో ఏమో, కనబడలేదు. పొగ మీద పడి నా కంట్లో బొగ్గు నలుసు పడింది. నేను గల్లీ అదిరేలా ఏడ్చే రకాన్ని. అమ్మ కింద కూర్చుని నా కంట్లో ఊదింది, గేటు పక్కనే మామ కాపలా గది, గుమ్టీలోకి నన్ను తీసుకుపోయి నీళ్లతో కడిగింది. బయటికి వచ్చేసరికి పట్టాలు ఖాళీ.

తర్వాత సినిమాలో ఆ నవ్వు చూసి, ఎవరిని చూసి నవ్వావని నాయినను అడిగిందట. "నిన్నే" అన్నాడట ఆయన. గేటు దాటిపోయాక తాను ఎట్లా కనబడతానని అమ్మ అడిగితే, కనబడ్డావు పో అన్నాడట. అమ్మ నమ్మలేదు. ఆ ముచ్చట తేలకుండానే నాయిన పోయాడు.

ఆ లైను మీద రోజూ బండ్లు తిరుగుతాయి. ఎప్పుడు పోదామన్నా అమ్మ "ఏమున్నదే ఆడ, రాళ్లు" అని తోసిపుచ్చేది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది. పోయి చూస్తే నాయిన అబద్ధమాడాడని తేలుతుందేమోనని భయం.

అందుకే ఈ చలికాలం పాత పొగ ఇంజను తగిలించి, సినిమాలు తీసిన చోట్లన్నీ చూపిస్తూ వికారాబాద్ అడవుల దాకా ప్రత్యేక బండి నడుపుతున్నారని తెలియగానే, అమ్మను అడగకుండా రెండు టికెట్లు కొన్నాను. పాట తీసిన వంపు ఎడమవైపుకు తిరుగుతుంది. సీట్ల పటం పెట్టుకుని మరీ ఎడమ కిటికీలు చూసుకున్నాను. బేగంపేటలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను, నా చేతిలో కాగితం తప్పు పోదు అని నాకు కాస్త గీర.

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ స్టేషనులో ఇంజను నల్లగా నిగనిగలాడుతూ ఆవిర్లు వదులుతోంది. జనం దాని చుట్టూ చేరి ఫోన్లు పైకెత్తారు. అమ్మ మాత్రం దాని వైపు చూడలేదు. చేతిసంచీ భుజం మార్చుకుంటూ, నీళ్లు తెచ్చావా, మందు గోలీలు తెచ్చావా అని అడిగిందే అడిగింది. పెట్టె ఎక్కి మా నంబర్లు వెతికాను. మా సీట్లు కుడివైపున ఉన్నాయి.

"పెట్టె తిప్పి తగిలించారు మేడమ్, ఎటువైపైనా సీనరీయే కదా," అన్నాడు టికెట్లు చూస్తున్న టోపీ కుర్రాడు. వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది.

మాకు ఎదురుగా, ఎడమ కిటికీల దగ్గర, ఒక పెద్దమనిషి, ఆయన భార్య సర్దుకుని కూర్చున్నారు. ఆయన పేరు అమ్మిరాజు, భీమవరం నుంచి వచ్చి తిరుమలగిరిలో ఫర్నిచర్ షాపు పెట్టుకున్నారు. ఈ వివరాలన్నీ అడగకుండానే చెప్పారు. భార్య దేవిశ్రీ ఫోనుకు కర్ర తగిలించి కిటికీకి గురిపెట్టింది.

"సార్, జెర సీట్లు మార్చుకుందామా? మా అమ్మకు ఎడమ దిక్కు కావాలె."

"అబ్బే, కుదరదండీ. ఆ పాట వంపు కోసమే వచ్చాం. మా ఆవిడ అక్కడ రీలు తీసుకోవాలి. నేను ఆ సినిమా పదకొండుసార్లు చూశానండీ."

అమ్మ నా కొంగు లాగింది. "ఊకో. వద్దన్నంక వద్దు. కూసో."

ఇంజను కూత పెట్టింది. పెట్టెలో పిల్లలతో పాటు పెద్దలూ కేకలు వేశారు. బండి కదిలింది, ఒక్కొక్క పెట్టె కుదుపుతో అందుకుంది. నాకు మాత్రం ఏ సరదా తెలియడం లేదు. లేచి తలుపు దగ్గరికి పోయాను. అక్కడ ఒక కాపలా మనిషి అడ్డంగా నిలబడి, వంపు దగ్గర తలుపులు మూసేస్తామన్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాను. మళ్లీ లేచాను. వేరే పెట్టెలో ఎడమవైపు ఖాళీ ఉందేమోనని చూసి వచ్చాను. ఎక్కడిది ఖాళీ, సీటుకు ఇద్దరు కూర్చున్నారు.

బేగంపేట దాటకముందే సిగ్నలు లేక బండి ఆగింది. పక్క పట్టాల మీద లోకల్ రైలు మమ్మల్ని దాటిపోయింది. అందులోవాళ్లు చేతులూపారు. అమ్మ సంచీ పట్టుకుని లేచింది.

"దిగిపోదాం పా. గిప్పుడైతే ఆటోల ఇంటికి పోవచ్చు."

"గిదేందమ్మా! గింత దూరం వచ్చి?"

"ఎందుకొచ్చిన పరేషాన్? సూసి ఏం జేస్తం? సచ్చిపోయినోని మీద ఇప్పుడు కేసు పెడ్తవా?"

"నేను పెడ్తలేను. నువ్వే పెట్టినవ్. ఇన్నేండ్ల సంది నడుపుతున్నవ్," అన్నాను. నోరు జారింది. అమ్మ ముఖం తిప్పుకుని కూర్చుంది. బండి కదిలింది.

లింగంపల్లి దాటాక మేడలు పలచబడ్డాయి. మైకులో ఒకమ్మాయి ఇది ఫలానా ఫైటు తీసిన గుట్ట, అది ఫలానా పాట తీసిన చెరువు అని చెబుతుంటే అందరూ ఆ పక్కకీ ఈ పక్కకీ ఒరిగిపోతున్నారు. అమ్మ కాళ్లు ముడుస్తోంది, చాపుతోంది. డబ్బాలోంచి సకినం తీసి కొరక్కుండా మళ్లీ డబ్బాలో వేసింది. నేను గోళ్లు కొరికాను. చిన్నప్పుడు మాన్పించిన అలవాటు.

"వచ్చే పది నిమిషాల్లో మనందరం ఎదురుచూస్తున్న వంపు!" అంది మైకు.

ఇక సిగ్గు అనుకుంటే లాభం లేదు. నేను అమ్మిరాజు గారి ముందు నిలబడ్డాను. "సార్, ఆ పాటల ఇంజనులకెల్లి ఒకాయన నవ్వుతడు గదా. ఎర్ర రుమాలు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎందుకు తెలీదండీ! హీరోయిన్ని చూసి నవ్వుతాడు కదా. ఆ షాట్ రాగానే హాలంతా ఈలలేనండీ. మేము కాలేజీలో వాణ్ని అదృష్టవంతుడు అనేవాళ్లం."

నా వెనక అమ్మ ఉంది. నేను తిరిగి చూడలేకపోయాను.

"ఆయన మా నాయిన సార్. ఈమె మా అమ్మ, కమలాబాయి."

దేవిశ్రీ ఫోను కర్ర కిందికి దించింది. అమ్మిరాజు గారు చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ లేచారు. "తప్పయిపోయిందమ్మగారూ. నోటికి హద్దూ పద్దూ లేకుండా వాగాను. రండి, ఇలా కిటికీ దగ్గర కూర్చోండి."

"వద్దు బాబూ. నువ్వు అన్నది నిజమే గదా," అంది అమ్మ.

"అమ్మా, లే!" అరిచాను. పెట్టెలో సగం మంది మా వైపు తిరిగారు. చంకలో చెయ్యి వేసి లేపాను. అమ్మ లేవనంటూనే లేచింది, రానంటూనే వచ్చింది, కిటికీ అంచు పట్టుకుని కూర్చుంది. నేను పక్కన ఇరుక్కున్నాను.

ఒక గేటు ఎదురైంది. నిజానికి గేటు లేదు. రోడ్డును పట్టాల కింద నుంచి తవ్వి తీశారు. మామ ఉన్న గుమ్టీ మాత్రం ఉంది, పైకప్పు లేకుండా, గోడలకు సున్నం మరకలతో. వెనక ఒంటరి తాటిచెట్టు. అమ్మ దాన్ని గుర్తుపట్టింది. బండి దాన్ని దాటేసింది. అమ్మ మెడ తిప్పి వెనక్కి చూసింది. గుమ్టీ గుట్ట చాటుకు పోయింది.

"సూసినవా? పోయింది. ఇగ ఏడ కనవడ్త నేను?" అంది. ఆ గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

బండి వేగం తగ్గింది. చక్రాలు కీచుమన్నాయి. గుట్టను చుట్టుకుంటూ ఎడమవైపు తిరగడం మొదలుపెట్టింది. ఇంజను ముందు కనబడుతుంది గదా అని నేను అమ్మ మీదుగా కిటికీలోంచి తల బయటికి పెట్టాను. పొగ మొహాన కొట్టింది. కుడి కంట్లో చురుక్కుమంది. నిప్పు పడ్డట్టే ఉంది. రెండో కన్ను కూడా దాంతోపాటే మూసుకుపోయింది.

"అమ్మా! నలుసు! కంట్ల నలుసు వడ్డది!"

నాకు నలభై దాటాయి. అయినా ఆ పిలుపుకు అమ్మ చేతులు నా ముఖం మీదికి వస్తాయని నాకు తెలుసు. ఎప్పుడూ వచ్చాయి.

"ఆగవే," అంది అమ్మ.

చేతులు రాలేదు. నేను కళ్లు మూసుకుని, నీళ్లు కారుస్తూ, చుట్టూ మాటలు మాత్రం వింటున్నాను.

"అదిగోండమ్మగారూ, జోడు గుండ్లు! షాట్‌లో ఆయన తల వెనకాల ఉండేవి ఇవే," అన్నారు అమ్మిరాజు గారు. "ఆగండి, ఫోన్లో ఆ బొమ్మ ఆపి పెట్టాను. ఇదీ ఆయన... హీరోయిన్ పెట్టె తలుపు దగ్గర ఉందనుకుందాం. అప్పుడు చూపు మన మీదికి రావాలి కదండీ. రావట్లేదే! పక్కకి పోతోంది. ఆ పొలం మీదుగా. అటేముంది?"

వెనక సీట్లలో ఆ పాట అందుకున్నారు.

"గేటు," అంది అమ్మ.

"ఏ గేటండీ? ఓహో, ఆ తాటిచెట్టు కింద గోడలా! ఇందాక దాటాం కదా. వంపు తిరిగేసరికి మళ్లీ ఎదురొచ్చిందే!"

"మళ్ల కనవడ్డది," అంది అమ్మ. నాతో కాదు, అమ్మిరాజు గారితో కాదు. "అగో, తలుపు సుత కనవడ్తున్నది. మనిషి నిలవడితే మంచిగ కనవడ్తది. కొంగు రంగు సుత కనవడ్తది."

పక్కన గాజుల చప్పుడయింది. ఒంటి కన్ను బలవంతంగా తెరిచాను. అంతా నీళ్లే. ఆ నీళ్లలో అమ్మ చెయ్యి కిటికీ బయట, భుజం దాకా బయట, ఊగుతూ కనబడింది. మా అమ్మ ఎవరికీ చెయ్యి ఊపగా నేను చూడలేదు. గేటు కనబడ్డంతసేపూ ఊపుతూనే ఉంది. పెట్టెలో పాట పాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే ఆపేశారు.

గుట్ట మళ్లీ అడ్డం వచ్చింది. అమ్మ చెయ్యి లోపలికి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అరచెయ్యి మసిబారింది.

"నిన్నే అన్నడే మీ నాయిన," అంది. "ఎన్నిసార్లు అన్నడో. నిన్నే, నిన్నే అని. అబద్ధాలాడకు అన్న. సచ్చేదాంక నమ్మకపోతి."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాసేపటికి ఆమె పెదాలు సాగాయి, పళ్లు కనబడ్డాయి. కన్ను మండుతున్నా ఆ నవ్వు నాకు తెలిసింది. టీవీలో ఇన్నిసార్లు చూసిన నవ్వు అది.

అప్పుడు నా వైపు తిరిగింది. కొంగు చివర వేలికి చుట్టుకుని, నా గడ్డం పట్టి ముఖం పైకెత్తి, రెప్ప విప్పి, గట్టిగా ఊదింది.

"పోయిందా?"

పోయింది. "పోలే. ఇంకోపారి ఊదు," అన్నాను.