గడియారం అద్దాలు

"మోకాళ్ళు అరగలేదంట!"

మా ఆయన ప్రభాకర్ ఎక్స్‌రే కవరు ఊపుకుంటూ సైకిలు దిగాడు. అత్తమ్మ చేతులు జోడించింది. నేనైతే గంతేసి, డబ్బాలోని మైసూర్‌పాకు పళ్ళెంలో పెట్టుకొచ్చాను. పెళ్ళయి నాలుగు నెలలు. ఈ ఇంట్లో తీపి పంచడానికి వంక దొరికితే చాలు, నాకు పండగే.

మామయ్య రాజమల్లయ్య సిద్దిపేట బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేస్తాడు. రెండు నెలలుగా మోకాళ్ళూ మణికట్లూ వాచి, కూర్చుంటే లేవలేకపోతున్నాడు.

పళ్ళెం ముందు పెట్టినా మామయ్య కండువాలోంచి చెయ్యి తియ్యలేదు.

"నోట్ల పెట్టు బిడ్డా."

"ఏంది, కొత్త పెండ్లికొడుకు లెక్క!" అంది అత్తమ్మ.

"చెయ్యి కనబడితే నీ కోడలు నవ్వుతదే."

నెల కిందట ఆడబిడ్డ వాళ్ళు వచ్చినప్పుడు చూశాను. మామయ్య వేళ్ళ కొనలు లావెక్కి, గోళ్ళు గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. "గోళ్ళకు గూడ గడియారం అద్దాలు బిగించుకున్నవా మామా?" అన్నాను. ఇల్లంతా ఒకటే నవ్వు. మామయ్యా నవ్వాడు. ఆ మాట ఎంత బాగా పేలిందోనని మురిసిపోయి, వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. కండువా చేతుల మీదికి అప్పుడే వచ్చిందని నాకిప్పుడు తెలిసింది.

"డాక్టర్‌కు వేళ్ళు చూపించినవా మామా?"

"మోకాళ్ళు నొస్తున్నయని పోయి వేళ్ళెందుకు చూపిస్త?"

ఆ సాయంత్రమే నేనూ ప్రభాకర్ ఆయన్ని మళ్ళీ తీసుకెళ్ళాం. డాక్టర్ ఒక్కో వేలూ పక్కనుంచి పట్టి చూశాడు.

"ఎన్నాళ్ళయింది ఇట్ల?"

"మా పెండ్లినాడు ఇట్ల లేవు సార్. నెల కింద నేనే చూసిన."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నవ్విన సార్."

ప్రభాకర్ నేలకేసి చూశాడు. నా చదువు బీయస్సీ అని డాక్టరుకు పొద్దున గొప్పగా చెప్పిందీ ఆయనే.

"బీడీలు?" డాక్టర్ మామయ్యను అడిగాడు.

"రోజుకు రెండు కట్టలు."

"దగ్గు?"

"అది ఎప్పటిదో సార్."

"వేళ్ళు ఇట్లయి కీళ్ళు నొస్తుంటే తప్పు మోకాళ్ళది కాకపోవచ్చు. ఊపిరితిత్తుల్ల క్యాన్సర్ ఉన్నా ఇట్ల అయితది. వేరే రోగమన్నా కావచ్చు. చూడకుంట చెప్పలేం."

దారిలో మామయ్యే నన్ను ఓదార్చాడు. "నవ్వితే ఏమైంది స్వరాజ్యం? చూసింది నువ్వొక్కదానివే గద."

ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది. ఇంటి గడప దగ్గర ఆయన లావెక్కిన వేళ్ళను నా రెండు చేతుల్లోకీ తీసుకున్నాను.

"రేపు పొద్దుగాల తొమ్మిదింటికి ఛాతీ ఎక్స్‌రే. నేనే తీస్కపోత. కండువా ఇంట్లనే పెట్టి రా మామా."