కాలు పెట్టని ఇల్లు

"కన్నం మూశారా అమ్మా?" గోడ బయట మంచులో నిలబడి సెకాకే కేక పెట్టాడు.

లోపలున్న మపోలోకి చెవుడు పాక్షికం, అనుమానం సంపూర్ణం.

"అన్నమా? నిన్న హీటరు బిగించావు, ఇవాళ అన్నానికి తయారయ్యావా! సంకటి కుండ గీకేశాం, వెళ్లు నాయనా!"

"అన్నం కాదమ్మా, కన్నం! గాలి కోసం గోడకి పెట్టిన కన్నం!"



సెకాకే పొట్టివాడు. భుజాల మీద బూడిదరంగు కంబళి, కాళ్లకి రబ్బరు బూట్లు, ముక్కు చివర జారడానికి సిద్ధంగా ఎప్పుడూ ఒక చుక్క. యౌవనమంతా దక్షిణాఫ్రికా గనుల్లో, భూమి కింద గడిపాడు. బంగారం తవ్వాడు గానీ, తన బంగారు కొండల్ని పొత్తిళ్లలో చూసుకోలేదు. సెలవుకి ఇంటికొచ్చేసరికి పిల్లలు నడిచి ఎదురొచ్చేవారు, ఎవరో అనుకుని ఏడ్చేవారు. గని మూతపడ్డాక గ్యాసు కొట్లో చేరాడు.

మపోలో గుమ్మం పైన కప్పులో రెల్లు గుచ్చి ఉంది. లోపల బాలింత. రెల్లు తీసేదాకా మగవాడు కాలు పెట్టకూడదు. అందుకే నిన్న సిలిండరు బయటే నిలబెట్టి, గొట్టం గోడలోంచి పంపి, గాలికి వేరే కన్నం తొలిచి, అతుకులకి సబ్బునురుగు రాసి బుడగలు రావడం లేదని చూసుకున్నాడు. లోపలి పని మపోలో చేతే చేయించాడు. దుప్పట్లకి దూరంగా పెట్టు, పడుకునేముందు ఆర్పెయ్యి, కన్నం ముయ్యకు అని గొంతు పోయేలా చెప్పాడు. పొగగొట్టం లేని హీటరు అది. ఆ గదిలో గాలే పీలుస్తుంది, ఆ గదిలోకే వదులుతుంది.

ఇవాళ పొద్దున్నే కబురొచ్చింది: హీటరు మాటిమాటికీ ఆరిపోతోంది, అంతా మోసం.

"మూశాను, అయితే ఏంటి?" అంది మపోలో చివరికి. "మంచు పడుతుంటే గోడకి కన్నమేమిటి? అసలు నీ చేత ఇది పెట్టించిందెవరు? బిడ్డకి దిష్టి పెట్టాలని కాదూ?"

"హీటరు ఇప్పుడు ఆరిందా?"

"ఎందుకారుతుంది? మీట నొక్కిపెట్టి తాడుతో కట్టేశాను. నా దగ్గరా నీ మోసం!"

సెకాకే ముక్కు చివరి చుక్క జారిపోయింది. గాలి తగ్గితే హీటరు తనంతట తాను ఆరిపోవడానికి పెట్టిన ఏర్పాటుకే ఆవిడ ఉరి వేసింది.

"కోడలు పిల్లా! లినేయో! నువ్వు మాట్లాడు తల్లీ!"

"తలనొప్పి... నిద్రొస్తోంది నాయనా. బాబు కూడా ఏడవట్లేదు."

మాట ముద్దముద్దగా వచ్చింది. గనిలో విషపుగాలి పీల్చినవాళ్లు ఇలాగే మాట్లాడేవారు. ఆ తరవాత మాట్లాడేవారు కాదు.

"తలుపు తియ్యమ్మా!"

"అదిగో! లోపలికి రావాలన్న బుద్ధి బయటపడింది!"

సెకాకే వాదించలేదు. సిలిండరు తిప్పి గ్యాసు ఆపేశాడు. మంచులో బోర్లా పడుకుని, గోడ అడుగున ఉన్న కన్నంలోకి భుజందాకా చెయ్యి దూర్చాడు. కుక్కిన పాతగుడ్డల్ని లోపలికి నెట్టేశాడు. చేతికున్న ఉన్ని గ్లౌజు వాటితోపాటే ఊడి లోపల పడింది.

"లినేయో! బాబుని తీసుకుని చెయ్యి దగ్గరికి పాకు!"

కాసేపు ఏమీ లేదు. తరవాత వెచ్చగా, మెత్తగా ఏదో అరచేతికి తగిలింది. పిల్లి అనుకున్నాడు. అది అతని వేలు పట్టుకుంది. పిల్లులు వేలు పట్టుకోవు.

"మగాడు చెయ్యి పెట్టాడో!" మపోలో తలుపు బార్లా తీసి వాడంతా వినబడేలా అరిచింది. ఎంత బతిమాలినా రాని గాలి, తిట్టడానికి తెరిచిన తలుపులోంచి తోసుకుని లోపలికెళ్లింది.

వాడంతా పోగైంది. పెద్దాయన ఫాకో రెల్లు వంక చూశాడు.

"కాలు పెట్టాడా?"

"లేదు, చెయ్యి!"

"చేతికి రెల్లు అడ్డమని మా తాత చెప్పలేదే."

లినేయో గుమ్మంలోకి పాకి వాంతి చేసుకుంది. అప్పుడు ఏడిచాడు బాబు, కోపంగా. ఆడవాళ్లు ఇద్దరినీ కంబళ్లలో చుట్టి క్లినిక్కి బయల్దేరదీశారు.

"హీటరు చెడిపోలేదు," అన్నాడు సెకాకే అందరికీ వినబడేలా. "గాలి చాలకపోతే అది ఆరిపోతుంది. దాన్ని ఆరనివ్వకపోతే మనం ఆరిపోతాం. అంతే."

మపోలో లోపలికెళ్లి తాడు విప్పింది. మీటకి కట్టిన ముడి విడింది గానీ, మొహంలో ముడి విడలేదు.

"నా గ్లౌజు, అమ్మా..."

"లోపలికొచ్చింది రెల్లు తీసేదాకా బయటికి పోకూడదు," అని అప్పటికప్పుడు ఒక ఆచారం పుట్టించింది.

సెకాకే బోసి చెయ్యి కంబళిలో దాచుకుని, గ్లౌజున్న రెండోదాన్ని దాచకుండా, కొండదారి పట్టాడు.

తెరిచిన కన్నం కింద, మట్టినేల మీద, ఉన్ని గ్లౌజు వెల్లకిలా పడి ఉంది, వేళ్లు కొద్దిగా ముడుచుకుని.